డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే రికార్డు కాదు: ఆస్పత్రి నుంచి మన ఫైళ్ళు రాబట్టుకోవడం ఎలా

డిశ్చార్జ్ రోజు చేతిలో పెట్టే ఫైలు చూడటానికి బరువుగానే ఉంటుంది. విప్పితే అందులో ఉండేది డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లు, కొన్ని రక్తపరీక్షల రిపోర్టులు, ఫిల్ములున్న పెద్ద కవరు. అసలు రికార్డు ఆస్పత్రిలోనే ఉండిపోతుంది. దాన్నే కేస్ షీట్ అంటారు. చేరిన రోజు డాక్టర్ రాసుకున్న నోట్స్, రోజూ రౌండ్స్‌లో రాసినవి, నర్సుల చార్టు, ఏ మందు ఏ గంటకు ఇచ్చారో చూపే చార్టు, ఆపరేషన్ నోట్స్, మత్తు డాక్టర్ చార్టు, ఐసీయూ షీట్లు, వేరే స్పెషలిస్టులు వచ్చి రాసిన అభిప్రాయాలు, మనం సంతకం పెట్టిన కన్సెంట్ ఫారాలు అన్నీ అందులో ఉంటాయి. సమ్మరీ అంటే ఇదంతా ఎవరో చదివి రెండు మూడు పేజీల్లోకి కుదించిన కాగితం. చాలాచోట్ల ఆ పని చేసేది డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్. అదీ పాత పేషెంటు సమ్మరీ మీద కొత్త పేరు ఎక్కించి.

"మా రికార్డ్స్ ఇవ్వండి" అని కౌంటర్లో అడిగితే ఆ సమ్మరీనే మరో ప్రింటు తీసి ఇస్తారు. వాళ్ళు అబద్ధమేమీ ఆడలేదు, అదీ రికార్డే. అందుకే ఈ వ్యవహారంలో ముందు నేర్చుకోవలసింది చట్టం కాదు, కాగితాల పేర్లు. పేరు పెట్టి అడగనిది రాదు.

ఇక చట్టం. డాక్టర్ల నడవడికి సంబంధించి భారత మెడికల్ కౌన్సిల్ 2002లో తెచ్చిన నిబంధనలే ఇప్పటికీ ఆధారం. ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి 3 సంవత్సరాలు దాచాలి. పేషెంటు గానీ, ఆయన అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే అడిగినట్టు రసీదు ఇచ్చి, 72 గంటల్లో కాగితాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చాయి, అందులో 72 గంటల్ని 5 పనిదినాలు చేశారు. కానీ ఆ నెలలోనే వాటిని పక్కన పెట్టేశారు. కాబట్టి "ఇప్పుడు రూలు మారింది సార్, ఐదు రోజులు" అని ఎవరైనా అంటే, మారలేదు.

ఒక మెలిక ఉంది. ఈ నిబంధనలు పట్టేది డాక్టర్‌ను, ఆస్పత్రి అనే కంపెనీని కాదు. అందుకని దరఖాస్తు ఆస్పత్రి పేరు మీద మాత్రమే రాసి వదిలేయకూడదు. మెడికల్ సూపరింటెండెంట్‌కు రాసి, చికిత్స చేసిన డాక్టర్ పేరు కూడా అందులో ఉండేలా చూడాలి. రేపు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాల్సి వస్తే అక్కడ ఒక డాక్టర్ పేరు కావాలి.

మరి ఎలక్ట్రానిక్ కాపీ సంగతి? ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. 2002 నిబంధనలు రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించే ప్రయత్నం చేయమన్నాయే తప్ప, పేషెంటు కోరిన ఫార్మాట్‌లో ఇవ్వమనలేదు. ఆస్పత్రులు, క్లినిక్‌ల రిజిస్ట్రేషన్‌కు సంబంధించిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కేంద్రం 2012లో చేసిన రూల్స్‌లో మాత్రం ప్రతి పేషెంటు ఎలక్ట్రానిక్ రికార్డునూ నిర్వహించి ఇవ్వాలన్న షరతు ఉంది. ఆ చట్టాన్ని తెలంగాణ తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో నడిచేది 2002 నాటి సొంత చట్టం. అందువల్ల దరఖాస్తులో "నా రికార్డు మీ దగ్గర డిజిటల్‌గా ఉన్నంతవరకు డిజిటల్ కాపీ, కాగితంగా ఉన్నది స్కాన్ గానీ జిరాక్స్ గానీ" అని రాయడం తెలివైన పని. రెండు దారులూ తెరిచి ఉంచితే "మా దగ్గర ఆ సిస్టమ్ లేదు" అనే జవాబుకు చోటుండదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద చాలామంది ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. అందులో ఇచ్చిన హక్కు మన డేటా "సారాంశం" అడిగే హక్కు, పూర్తి కాపీ అడిగేది కాదు. పైగా దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ఈ హక్కు భాగం అమల్లోకి వచ్చేది 2027లో. ఆ చట్టం పేరు చెప్పి "డేటా ప్రైవసీ వల్ల ఇవ్వలేం" అని కౌంటర్లో ఎవరైనా అంటే అది తలకిందుల వాదన. ఆ ప్రైవసీ మనది, మన నుంచి కాదు.

దరఖాస్తు ఎలా ఉండాలంటే, ఇంత చాలు (యూహెచ్‌ఐడీ అంటే ఆస్పత్రి పేషెంటుకు ఇచ్చే నంబరు, ఐపీ అంటే ఆ ఇన్‌పేషెంట్ అడ్మిషన్ నంబరు, డైకామ్ అంటే స్కాన్ బొమ్మల అసలు ఫైళ్ళు):

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి. నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆస్పత్రిలో డాక్టర్ ఫలానా గారి వద్ద ఇన్‌పేషెంట్‌గా ఉన్నాను. యూహెచ్‌ఐడీ నంబరు ఇది, ఐపీ నంబరు ఇది. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఈ కింది వాటి కాపీలు ఇవ్వగలరు: పూర్తి కేస్ షీట్, డాక్టర్ల రోజువారీ నోట్స్, నర్సింగ్ చార్టులు, మందుల చార్టు, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా రికార్డు, కన్సెంట్ ఫారాలు, అన్ని ల్యాబ్ రిపోర్టులు, స్కానింగ్‌ల రిపోర్టులతో పాటు డైకామ్ ఫైళ్ళు, ఐటెమ్‌వారీ బిల్లు. డిజిటల్‌గా ఉన్నవి ఈ ఈమెయిల్‌కు పంపగలరు. కాపీల ఖర్చు చెల్లిస్తాను."

రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోవాలి. 72 గంటల లెక్కకు ఆ స్టాంపే సాక్ష్యం. స్టాంపు వేయనంటే అక్కడే నిలబడి ఫోన్లోంచి ఆస్పత్రి అధికారిక ఈమెయిల్‌కు అదే దరఖాస్తు పంపండి, లేదా రిజిస్టర్డ్ పోస్టు చేయండి. బిల్లింగ్ కౌంటర్లోనూ ఇన్సూరెన్స్ డెస్క్‌లోనూ తిరిగి లాభం లేదు. కొంచెం పెద్ద ఆస్పత్రి దేనిలోనైనా మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్ అని ఒక గది ఉంటుంది, తరచూ సెల్లార్‌లోనో పై అంతస్తు మూలనో. డిశ్చార్జ్ అయిన ఫైలు చేరేది అక్కడికే. ప్రభుత్వాసుపత్రిలో అయితే ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఆఫీసు.

పేషెంటు స్వయంగా రాలేకపోతే సంతకం చేసిన అధికార పత్రం, ఇద్దరి గుర్తింపు కార్డుల జిరాక్సులు పట్టుకెళ్ళాలి. చనిపోయినవారి రికార్డుకు మరణ ధ్రువీకరణ పత్రం, వారసులని చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతారు. కొడుకు అమెరికా నుంచి వాట్సాప్ కాల్ చేసి అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అమ్మ సంతకంతో కాగితం స్కాన్ చేసి ఈమెయిల్ పెడితే అది వేరే మాట.

కాదనేటప్పుడు చెప్పే కారణాలు అన్నిచోట్లా ఒకటే. "కేస్ షీట్ ఆస్పత్రి సొత్తు." కాగితం వాళ్ళదే కావచ్చు, మనం అడుగుతున్నది కాపీ. గోప్యత పేరు చెప్పి కేసు పేపర్లను పేషెంటుకో బంధువుకో ఇవ్వకుండా ఉండటానికి వీల్లేదని బొంబాయి హైకోర్టు 1996లోనే తేల్చింది. "బిల్లు బాకీ ఉంది." నిబంధనలో బిల్లు ఊసే లేదు, బాకీ వసూలుకు వాళ్ళకు వేరే దారులున్నాయి. "ఇది ఎంఎల్‌సీ కేసు, పోలీసులకే ఇస్తాం." ఎంఎల్‌సీ అంటే పోలీసులకు తెలపాల్సిన మెడికో-లీగల్ కేసు, ఒరిజినల్ వాళ్ళకు భద్రం చేయడం సరైనదే. కానీ నిబంధన పోలీసుల వంటి చట్టపరమైన అధికారుల్నీ పేషెంటునీ ఒకే వాక్యంలో చెప్పింది, కాపీ అడగడానికి ఎంఎల్‌సీ అడ్డు కాదు. "ఫైలు ఇన్సూరెన్స్‌కు వెళ్ళింది." వెళ్ళేది స్కాన్ కాపీయే. ఈ జవాబు మనకు మేలు కూడా: స్కాన్ ఇప్పటికే సిద్ధంగా ఉందని వాళ్ళే ఒప్పుకున్నట్టు. మానసిక ఆరోగ్య చికిత్స రికార్డుల్లో మాత్రం నిజమైన మినహాయింపు ఒకటుంది. 2017 చట్టం ప్రకారం, తెలిస్తే పేషెంటుకు తీవ్రమైన మానసిక హాని గానీ ఇతరులకు హాని గానీ జరుగుతుందనుకున్న భాగాన్ని ఆపవచ్చు. అప్పుడు కూడా మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు వెళ్ళే హక్కుందని చెప్పి తీరాలి.

అడగడంలో జాప్యం చేయొద్దు. మూడేళ్ళ గడువు ఒక కారణం. చికిత్సలో ఏదో తప్పు జరిగిందన్న అనుమానం ఉంటే ఇంకో కారణం: గొడవ మొదలయ్యాక రాసిన నోట్స్‌కూ ముందు రాసిన నోట్స్‌కూ తేడా ఉంటుంది. గొంతు పెంచకముందే కాపీ తీసుకోవడం మంచిది. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన పేషెంట్ల హక్కుల పత్రంలో ఆస్పత్రిలో ఉన్నంతకాలం 24 గంటల్లో, డిశ్చార్జ్ తర్వాత 72 గంటల్లో ఇవ్వాలని ఉంది. కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని 2019లో రాష్ట్రాలకు పంపింది. దానికి చట్టం బలం లేదు గానీ, వార్డులో ఉండగానే అడగడానికి చూపించడానికి పనికొస్తుంది.

స్కానింగ్‌ల దగ్గర జనం ఎక్కువగా నష్టపోతారు కాబట్టి కాస్త వివరంగా. సీటీ, ఎమ్మారై మెషీన్లు బొమ్మల్ని డైకామ్ అనే ఫార్మాట్‌లో దాస్తాయి. అందులో డాక్టర్ వెలుగు మార్చి ఎముకను చూడొచ్చు, ఊపిరితిత్తిని చూడొచ్చు, గడ్డ కొలత తీసుకోవచ్చు. ఫిల్ము మీద అచ్చయ్యేది ఆ వందల బొమ్మల్లో టెక్నీషియన్ ఎంచినవి, ఒకే వెలుగులో. ఫిల్మును కిటికీకి ఆనించి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, వాట్సాప్ దాన్ని మళ్ళీ నలిపేస్తుంది. దాని మీద రెండో అభిప్రాయం చెప్పే రేడియాలజిస్టు ఉంటే ఆయన దగ్గరికి వెళ్ళకపోవడమే మంచిది.

కాబట్టి "సీడీ ఇవ్వండి" అని కాదు, "డైకామ్ ఫైళ్ళు, అన్ని సిరీస్‌లు, సన్నని స్లైస్‌లతో సహా" అనాలి. తేడా ఏమిటంటే, కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా కనిపించేలా ఎక్కించే మందు) ఇచ్చిన కడుపు సీటీలో ఇంజెక్షన్‌కు ముందు ఒకటి, తర్వాత వేర్వేరు సమయాల్లో మరికొన్ని సిరీస్‌లు, అంటే బొమ్మల వరుసలు, తీస్తారు. ఒక్కోదాన్ని 1 మిల్లీమీటరు దగ్గరలో సన్నగానూ, 5 మిల్లీమీటర్ల మందంలోనూ తయారు చేస్తారు. సీడీలో చాలాసార్లు మందపువే ఉంటాయి. సన్నవి చోటు చాలక మెషీన్ నుంచి కొద్ది రోజుల్లో చెరిపేసే సెంటర్లున్నాయి. స్కాన్ చేయించుకున్న వారంలోనే అడగడం అందుకే.

సీడీ తీసుకున్నాక అక్కడే వాళ్ళ కంప్యూటర్లో తెరిపించి చూడండి. డైకామ్‌డిర్ (DICOMDIR) అనే ఫైలు ఉంటే సరైనదే. లోపల పాతికో ముప్పయ్యో జేపెగ్ బొమ్మలే కనిపిస్తే అది ఫిల్ముకు నకలు, వెనక్కివ్వండి. పేరు, వయసు, తేదీ మనవేనా చూసుకోండి, పక్కవారి సీడీ రావడం అరుదేమీ కాదు. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు, వైరస్ భయం, అది న్యాయమైన భయమే. ఇంటి ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవ్ ఉండదు గనుక యూఎస్‌బీతో పనిచేసే డ్రైవ్ ఒకటి ఎవరిదగ్గరైనా తెచ్చుకుని, సీడీలోని ఫోల్డర్లన్నీ ఏదీ వదలకుండా కాపీ చేసి జిప్ చేయండి. చూడటానికి విండోస్‌లో రేడియంట్, మ్యాక్‌లో హోరోస్, ఎక్కడైనా ఉచితంగా నడిచే వీసిస్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సైజు వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీ దాటుతుంది. జీమెయిల్‌లో 25 ఎంబీ మించి వెళ్ళదు కాబట్టి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపాలి. ఆస్పత్రి వాళ్ళు ఎస్సెమ్మెస్‌లో పంపే లింకుకు గడువు ఉంటుంది, ఆ రోజే దించుకోండి. యాంజియోగ్రామ్ అయితే కదిలే బొమ్మలతో సీడీ వస్తుంది, రిపోర్టు కన్నా అదే ముఖ్యం.

బయాప్సీకి ఈ డిజిటల్ గొడవ వర్తించదు. రెండో అభిప్రాయానికి కావలసింది రిపోర్టు కాపీ కాదు, గాజు స్లైడ్లు, మైనం బ్లాక్. సంతకం తీసుకుని ఇస్తారు, తిరిగివ్వమంటారు. బ్లాక్ పోతే మళ్ళీ సూది గుచ్చాల్సిందే.

డిశ్చార్జ్ నాటికి రాని రిపోర్టులు మరో గుంట. కల్చర్ పరీక్షకు రెండు మూడు రోజులు, బయాప్సీకి వారం పడుతుంది. మనిషి ఇంటికొచ్చేస్తాడు, ఫైనల్ రిపోర్టు ఆస్పత్రి సిస్టమ్‌లో ఒంటరిగా పడి ఉంటుంది. ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో అందులోనే ఉంటుంది మరి. వచ్చేటప్పుడు "ఇంకా రావలసినవి ఏమున్నాయి?" అని అడిగి రాయించుకోండి. అలాగే సమ్మరీలో హిస్టరీ అన్న వరుసను తప్పక చదవండి. షుగర్ రెండేళ్ళదైతే "10 ఏళ్ళుగా" అని పడితే, ఇన్సూరెన్స్ కంపెనీ పాత జబ్బు దాచారని క్లెయిమ్ తోసేస్తుంది. కుడి ఎడమలు, వయసు, మందుల డోసు కూడా. తప్పుంటే ఆ రోజే దిద్దించాలి. నెల తర్వాత దిద్దిన కాగితాన్ని ఎవరూ నమ్మరు.

ఇప్పుడు ఆభా. 2021 సెప్టెంబరు 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద వచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరిది. ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు. ఆభా ఉంటే రూపాయి రాదు, లేకపోతే వైద్యం ఆపకూడదు. రికార్డులు ఢిల్లీలో ఎక్కడో పోగుపడవు, ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటాయి. ఆభా యాప్ వాటికి లింకు కలిపి, మన అనుమతితో తెచ్చి చూపిస్తుంది.

రిజిస్ట్రేషన్ కౌంటర్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆభా ఇస్తే ఆస్పత్రే లింకు చేయగలదు. ఇవ్వకపోతే యాప్‌లో ఆస్పత్రి పేరు వెతికి మనమే కలుపుకోవాలి. అది ఫెయిలయ్యే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. సిస్టమ్ మన మొబైల్ నంబరు, పేరు, లింగం, పుట్టిన సంవత్సరం పోల్చి చూస్తుంది. ఆస్పత్రిలో నాన్న పేరు మీద కొడుకు నంబరు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే ఆస్పత్రిలో వెనకుంటుంది. వయసు అడిగితే "అరవై ఉంటుంది" అని చెప్పిన అంకె నుంచి సంవత్సరం లెక్క కట్టి ఉంటారు. ఒకే మనిషికి రెండు మూడు యూహెచ్‌ఐడీలు ఉండటమూ మామూలే. మందు ఒకటే: కౌంటర్లో ఆధార్‌లో ఉన్నట్టు పేరు, సంవత్సరం, మన నంబరు దిద్దించి, నంబర్లన్నీ ఒకటిగా కలపమనడం. ఆ తర్వాత కూడా ఆస్పత్రి ఈ వ్యవస్థలో చేరిన తేదీకి ముందువి కనిపిస్తాయని ఆశపడొద్దు. కేస్ షీట్ అసలే కనిపించదు. సమ్మరీ, ప్రిస్క్రిప్షన్, ల్యాబ్ రిపోర్టు, టీకాలు వంటివే. కొత్త డాక్టర్ చూడాలని అనుమతి అడిగినప్పుడు ఏ తేదీల నుంచి ఏ తేదీల వరకు, ఏ రకం రికార్డు, ఎన్నాళ్ళు అన్నవి మనం తగ్గించవచ్చు. అన్నిటికీ కళ్ళు మూసుకుని ఓకే నొక్కనక్కర్లేదు.

72 గంటలు దాటాయి, ఏమీ రాలేదు. అప్పుడు ఆ స్టాంపు కాపీ జతచేసి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు డాక్టర్ పేరుతో ఫిర్యాదు పెట్టొచ్చు. డబ్బు కట్టిన చికిత్స అయితే వినియోగదారుల కమిషన్ దారి ఉంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్నిసార్లు ఆ కబురుకే ఫైలు కదులుతుంది. కేసే వేయాలంటే ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల వరకైతే ఫీజు లేదు, 50 లక్షల వరకు జిల్లా కమిషనే చూస్తుంది, గడువు 2 సంవత్సరాలు.

అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆస్పత్రి మీద వినియోగదారుల చట్టం పనిచేయదు. అక్కడ సమాచార హక్కు చట్టం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో దరఖాస్తు ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి, గడువు దాటితే కాపీలు ఉచితం. ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటలు, ఐసీయూలో మనిషి ఉండగా వేరే ఆస్పత్రికి మార్చాల్సినప్పుడు ఆ మాట దరఖాస్తులోనే రాయాలి. పరాయివారి వ్యక్తిగత సమాచారమన్న మినహాయింపు సొంత రికార్డుకు వర్తించదు. కేంద్ర సమాచార కమిషనర్‌గా మాడభూషి శ్రీధర్ ఆచార్యులు 2014లో ఇచ్చిన ఉత్తర్వు తన రికార్డు పొందడం పేషెంటు హక్కేనని స్పష్టంగా చెప్పింది.

కోర్టుకో ట్రిబ్యునల్‌కో వెళ్ళే ఉద్దేశం ఉంటే పీడీఎఫ్ ఒక్కటే చాలదు. పేజీపేజీకీ ఆస్పత్రి ముద్ర ఉన్న కాపీ, కంప్యూటర్ నుంచి తీసిన వాటికి అవి సరైనవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. డాక్టర్‌కు డిజిటల్, లాయర్‌కు ముద్ర వేసింది. రెండూ ఒకేసారి అడిగితే రెండోసారి తిరగక్కర్లేదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి అక్కడ ఆస్పత్రి పాలైన తల్లిదండ్రుల సంగతి వేరు. అక్కడ రికార్డు ఎలక్ట్రానిక్‌గా ఉంటే ఎలక్ట్రానిక్‌గానే అడిగే హక్కు చట్టంలో స్పష్టంగా ఉంది, గడువు 30 రోజులు, చెప్పి మరో 30 పొడిగించవచ్చు. చాలా ఆస్పత్రుల్లో పోర్టల్ ఖాతా ఉంటుంది. విమానం ఎక్కకముందే ఆ ఖాతా పేషెంటు పేరు మీద తెరిచి, ఈమెయిల్ మనదే పెట్టి, పిల్లలకు ప్రాక్సీ అనుమతి (మన తరఫున ఖాతా చూసే అనుమతి) ఇచ్చి, పీడీఎఫ్‌లు దించుకోండి. స్కాన్ బొమ్మలు పోర్టల్లో సాధారణంగా దిగవు, వాటికి రేడియాలజీ విభాగాన్ని విడిగా అడగాలి. ఇక్కడికొచ్చాక అమెరికా ఫోన్ నంబరుకు వెళ్ళే ఓటీపీ అందక ఖాతా తెరుచుకోని వాళ్ళు బోలెడు మంది.

దాచేటప్పుడు ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి, సంవత్సరం ముందు: 2025-03-14, తర్వాత ఆస్పత్రి, తర్వాత ఏమిటో. "స్కాన్ కొత్తది ఫైనల్" అని పెడితే ఆరు నెలలకు మీకే తెలియదు. ఒక కాపీ క్లౌడ్‌లో, ఒకటి ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో. ఫిల్ముల కవరు ఎండ తగలని చోట నిలువుగా పెట్టండి, పరుపు కింద కాదు.